పాకము వండువాడు, పద్దు చూచువాడు: సాఫ్ట్‌వేరు పనితనముపై ఒక విమర్శ

అరిసెలు వండు ఇంట బెల్లపు పాకము పొయ్యిమీద ఉన్నప్పుడు ఎవరును గడియారము చూడరు. ఇంటి పెద్దామె గరిటెతో ఒక చుక్క తీసి నీళ్లపళ్లెములో వేయును. అది వేళ్ల నడుమ ఉండ కట్టినచో పాకము వచ్చినదని దించును. ముందు దించినచో అరిసె నూనెలో విడిపోవును. ఆలస్యమైనచో రాయివలె గట్టిపడును. ఈ నేర్పు కాగితముపై వ్రాసి ఇచ్చినంతమాత్రమున వచ్చునది కాదు. పది సంక్రాంతులు పొయ్యి పక్కన నిలిచి చూచిన పిమ్మట వచ్చును.

నిజామాబాదు జిల్లాలో బోధను చెంత శక్కర్‌నగరులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారమున ఈ నేర్పే బ్రహ్మాండమైన కొలతలో నడిచినది. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో పండిన చెరకు అచ్చట గానుగలలో నలిగి, రసమై, పాకమై, పలుకులై వెలువడినది. ఆవిరితో కాగు పెద్ద పాకపు పాత్రను పాన్ అనియు, దాని వద్ద నిలిచి పాకమును పలుకు కట్టించువానిని పాన్‌మన్ అనియు చక్కెర మిల్లులలో పిలుతురు. ఆ మనిషి చేతిలో ఒక పూట పని చెడినచో టన్నులకొలది పాకము చెడును.

ఇటీవలి కాలమున కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారిలో ఒక వర్గము తమ పనియు ఇట్టి చేతిపనియే అని వాదించుచున్నది. ఆ వాదమునకు ఆంగ్లమున సాఫ్ట్‌వేర్ క్రాఫ్ట్స్‌మన్‌షిప్ అని పేరు. తెలుగున దానిని సాఫ్ట్‌వేరు పనితనము అనవచ్చును. 2023 ఆగస్టులో నిజామాబాదు పట్టణమున ఐ.టి. హబ్ ప్రారంభమైన పిమ్మట ఈ చర్చ హైదరాబాదుకే పరిమితమైనది కాదు. ఈ జిల్లా విద్యార్థులకును సంబంధించినది. అయితే ఈ వాదమును ఇంతవరకు ఎక్కువగా వినిపించినవారు పని చేయువారు. పని చేయించువాడు, అనగా నిర్వాహకుడు, దీనిని ఎట్లు చూడవలెను? అతడు ఇందులో స్వీకరింపవలసినది ఏది, ప్రశ్నింపవలసినది ఏది?

ఉద్యమము చెప్పునది

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణమున నాటో విజ్ఞాన సంఘము ఆధ్వర్యమున ఒక సమావేశము జరిగినది. అప్పటికే పెద్ద ప్రోగ్రాములు గడువు దాటుచుండెను. ఖర్చు అంచనాలను మించుచుండెను. చేతికి వచ్చినవి తప్పులతో వచ్చుచుండెను. వంతెన కట్టువారు లెక్క వేసి, పటము గీసి, పిమ్మట కట్టుదురు గదా, ప్రోగ్రాములను అట్లే ఏల కట్టరాదు అను ఆలోచనతో ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు’ అను మాట అచ్చటినుండి ప్రచారమునకు వచ్చినది.

మూడు దశాబ్దముల తర్వాత దీనికి ఎదురుమాట పుట్టినది. 2001లో పీట్ మెక్‌బ్రీన్ ‘సాఫ్ట్‌వేర్ క్రాఫ్ట్స్‌మన్‌షిప్’ అను గ్రంథమును ప్రకటించెను. ఇంజనీరింగు పద్ధతి బ్రహ్మాండమైన రక్షణశాఖ పనులకు సరిపోవునేమోగాని, కొద్దిమంది కూడి చేయు సామాన్యమైన పనులకు సరిపోదని ఆయన వాదము. పాతకాలపు వృత్తులలో వలె ఇందును శిష్యుడు, పనివాడు, ఆచార్యుడు అను మెట్లు ఉండవలెననియు, నూరుమంది సామాన్యులకన్న కొద్దిమంది నేర్పరులు మేలనియు, చేసినవాడు తన పనికి తన పేరు పెట్టుకొని దాని మంచిచెడ్డలకు నిలబడవలెననియు ఆయన సూచించెను. 2008లో రాబర్ట్ మార్టిన్ వ్రాసిన ‘క్లీన్ కోడ్’ అదే దారిలో, ప్రోగ్రామును పరిశుభ్రముగా వ్రాయు అలవాట్లను వివరించినది. 2009లో ఈ వర్గమువారు ఒక ప్రకటన వెలువరించిరి. ప్రోగ్రాము నడచిన చాలదు, చక్కగా కట్టబడినదై కూడ ఉండవలెనన్నది దాని సారాంశములలో మొదటిది.

‘చక్కగా కట్టుట’ అనగా ఏమో ఒక చిన్న ఉదాహరణతో తెలియును. ఒక పాఠశాల మార్కుల పట్టిక తయారుచేయు ప్రోగ్రామును ఇద్దరు విద్యార్థులు వ్రాసిరనుకొనవచ్చును. రెండును సరియైన మొత్తమునే చూపును. మొదటివాడు రాశులకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టి, అంతయు ఒకే చోట కుప్పగా వ్రాసెను. రెండవవాడు ‘మొత్తము మార్కులు’, ‘హాజరు’ అని తెలియు పేర్లు పెట్టి, కూడుటకు ఒక భాగము, శ్రేణి నిర్ణయించుటకు ఒక భాగము, పట్టిక అచ్చువేయుటకు ఒక భాగముగా విడదీసెను. ఈ ఏడు రెండింటికిని తేడా కనబడదు. మరుసటి ఏడు శ్రేణుల నియమము మారినప్పుడు రెండవదానిలో ఒక చోట దిద్దిన చాలును. మొదటిదానిలో ఎచ్చట దిద్దవలెనో వ్రాసినవానికే తెలియదు. పనితనము విలువ పని పూర్తియైన నాడు గాక, దానిని మార్చవలసి వచ్చిన నాడు బయటపడును. ఉద్యమకారులు ఈ సత్యమును గట్టిగా చెప్పిరి. ఇది వారి ముఖ్యమైన సేవ.

నిర్వాహకుని కష్టము

అయితే ఈ సత్యమే నిర్వాహకునికి చిక్కు తెచ్చిపెట్టును. మార్కుల ప్రోగ్రాములు రెండును తెరపై ఒకే విధముగా కనబడును. రెండవదానికి రెట్టింపు దినములు పట్టినచో, ఆ అదనపు దినములు దేనికి ఖర్చయినవో డబ్బిచ్చినవానికి కనబడదు. వడ్రంగి చేసిన తలుపును తట్టి చూడవచ్చును. ప్రోగ్రామును తట్టి చూచు ఉపాయము, దానిని చదువనేరని నిర్వాహకునికి లేదు. కనబడనిదానికి వెల కట్టుమని పనివాడు అడుగును. కనబడు గడువును చూపి నిర్వాహకుడు తొందర పెట్టును. సాఫ్ట్‌వేరు రంగములోని కలహములలో ఎక్కువ భాగము ఇచ్చటనే పుట్టును.

ఈ కలహమును లోపలినుండి చూచి వ్రాసినవాడు ఫ్రెడరిక్ బ్రూక్స్. ఐ.బి.ఎం. సంస్థ 1960లలో తన 360 శ్రేణి కంప్యూటరులకు నిర్వహణ ప్రోగ్రామును తయారుచేయించినప్పుడు ఆ పనికి ఆయన నిర్వాహకుడు. ఆ అనుభవముతో 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ అను గ్రంథమును వెలువరించెను. ఆలస్యమైన పనికి మనుషులను చేర్చినచో అది ఇంకను ఆలస్యమగునని ఆయన తేల్చెను. కారణము లెక్కలోనే ఉన్నది. ఒక పనిలో ఉన్న ప్రతివాడును ప్రతివానితో మాటాడవలసి ఉన్నచో, మనుషుల సంఖ్యను దానికన్న ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి రెండింట భాగించినచో మాటల దారులు ఎన్నియో తెలియును. ఐదుగురికి 10 దారులు, పదిమందికి 45, ఏబదిమందికి 1,225. చేతులు పదిరెట్లు అయినప్పుడు దారులు నూటికి పైగా రెట్లు అయినవి. చెరకు నరుకుటకు మనుషులను రెట్టింపు చేసినచో పొలము సగము దినములలో ముగియును. పాకమునకు నలుగురు పాన్‌మన్‌లను నిలబెట్టినచో అది నాలుగురెట్లు వేగముగా పలుకు కట్టదు. ప్రోగ్రాము చెరకుకోత వంటిది కాదు, పాకము వంటిది.

బ్రూక్స్ ఇచ్చిన మరొక లెక్క ఉపాధ్యాయులు గమనింపదగినది. మొత్తము కాలమున మూడవవంతు ఆలోచనకు, ఆరవవంతు వ్రాతకు, తక్కిన సగము పరీక్షలకు పోవలెనని ఆయన అనుభవము చెప్పినది. వ్రాతకు ఆరవవంతు మాత్రమే! వ్రాత ముగిసినది గావున పని ముగిసినదనుకొను నిర్వాహకుడు పరీక్షల సగమును తన చేతులతో కోసివేయుచున్నాడు. మెక్‌బ్రీన్, మార్టిన్‌ల గ్రంథములు పనివాని మనస్సును దిద్దునవి. బ్రూక్స్ గ్రంథము నిర్వాహకుని పద్దును దిద్దునది. పనితనమును పొగడువారు రెండవదానిని మొదటివానితో కలిపి చదువవలసి ఉన్నది.

పెనము పక్కన ప్రయోగశాల

నేర్పు కనబడదు, నిర్వాహకుడు దానిని చూడలేడు అనుట పూర్తిగా నిజమా? చక్కెర మిల్లులు ఈ ప్రశ్నకు చాలకాలము క్రిందటనే ఒక సమాధానము కనుగొన్నవి.

పాన్ లోపలి గాలిని తీసివేయుదురు. అందుచే పాకము 100 డిగ్రీల వద్ద గాక సుమారు 60–70 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగును, చక్కెర మాడదు. నీరు ఇగిరినకొలది పాకము చిక్కబడి, కరగియుండదగిన పరిమాణమును మించిన చక్కెర అందు నిలుచును. ఈ స్థితిని అతిసంతృప్తి అందురు. దానికి సన్నని హద్దులు కలవు. హద్దు క్రిందికి జారినచో వేసిన పలుకు కరగిపోవును. హద్దు పైకి పోయినచో అక్కరలేని సన్నని దొంగపలుకు గుంపులుగా పుట్టి, మంచి పలుకుతో కలిసి, చక్కెరను మడ్డినుండి విడదీయుట కష్టమగును. ఈ రెండు హద్దుల నడుమ పాకమును గంటలకొలది నడుపుటయే పాన్‌మన్ విద్య. అతడు నమూనా కడ్డీతో కొంచెము పాకమును బయటికి లాగి గాజుపలకపై పూసి వెలుతురునకు పట్టి చూచును. పెద్దామె నీళ్లపళ్లెము ఇచ్చట గాజుపలక అయినది.

అయినను మిల్లు మేనేజరు పాన్‌మన్ కంటిని మాత్రమే నమ్మి కూర్చుండలేదు. పెనమునకు దూరముగాని ఒక గదిలో రసాయన ప్రయోగశాల ఉండును. రసములో కరగిన పదార్థము నూటికి ఎంత అన్నది బ్రిక్సు. అందులో నిజమైన చక్కెర ఎంత అన్నది పోల్. బ్రిక్సు 18, పోల్ 15 అయినచో రసపు శుద్ధత 15ను 18చే భాగించి నూట హెచ్చవేయగా సుమారు 83 అగును. అంతటితో ఆగక, పోయిన చక్కెరను కూడ కొలుతురు. పిప్పిలో ఎంత మిగిలినది? మడ్డిలో ఎంత పోయినది? నూరు టన్నుల చెరకునకు 30 టన్నుల పిప్పి వచ్చి, ఆ పిప్పిలో నూటికి 2 పాళ్లు చక్కెర మిగిలినచో, 0.6 టన్ను చక్కెర పొయ్యిలో కాలిపోయినట్లే. దినము ముగియునప్పటికి ఈ అంకెలు మేనేజరు బల్లపై ఉండును. పలుకు కట్టు విద్య అతనికి రాకపోవచ్చును. కాని నష్టము ఎచ్చట జరుగుచున్నదో తెలియును.

ఈ ఏర్పాటులో గమనింపవలసినది ఒకటి కలదు. ప్రయోగశాల పాన్‌మన్‌పై నిఘా కాదు. పాకము చెడినప్పుడు, లోపము పెనము వద్దనా, అంతకు ముందు సున్నముతోను గంధకపు పొగతోను రసమును తేర్చినచోటనా, లేక కోసిన చెరకు ఎండలో బండ్లపై నిలిచిపోయినచోటనా అన్నది అదే తేల్చును. కోసిన చెరకులో చక్కెర నిలువ ఉన్నకొలది విరిగి తగ్గును. చెరకు ఆలస్యముగా తెప్పించినవాని తప్పు పాన్‌మన్ నెత్తిన పడకుండ కాపాడినది ప్రయోగశాల అంకెయే. నేర్పరికి కొలత శత్రువు కాదు, సాక్షి.

సాఫ్ట్‌వేరులో ఈ సాక్షిస్థానము పరీక్షలది. ప్రతి మార్పునకు తర్వాత దానంతట అది నడచు పరీక్షలు, ఒకరు వ్రాసినది మరొకరు చదువుట, వాడుకరుల చేతికి పోయిన పిమ్మట బయటపడిన తప్పుల లెక్క, ఒక తప్పు తెలిసిన పిమ్మట దిద్దుటకు పట్టిన కాలము: ఇవి ప్రోగ్రాము చదువనేరని నిర్వాహకునికి కూడ అర్థమగు అంకెలు. వ్రాసిన పంక్తుల లెక్క మాత్రము అట్టిది కాదు. పంక్తులు లెక్కించి జీతమిచ్చుట, మడ్డితో సహా తూచి చక్కెర అనుకొనుట వంటిది.

పోలిక తెగుచోట్లు

పనితనపు ఉద్యమము పాతవృత్తుల పోలికను తీసికొన్నది. పోలిక ఎంతవరకు నిలుచునో చూచుట విమర్శకు ధర్మము. ఇది మూడు చోట్ల తెగుచున్నది.

మొదటిది, నష్టపు విస్తారము. కమ్మరి చేసిన ఒక నాగలి విరిగినచో ఒక రైతు దుక్కి ఆగును. ప్రోగ్రామునకు నకలు తీయుటకు ఖర్చు లేదు. కావున ఒక తప్పు అదే క్షణమున లక్షలమంది ఇండ్లకు చేరును. చేసినవాని పేరు, పరువు అను కట్టుబాటు ఒక ఊరికి సరిపోయినంతగా ఒక రాష్ట్రమునకు సరిపోదు.

రెండవది, శిష్యరికము. శిష్యుడు ఆచార్యుని పక్కన ఏండ్ల తరబడి నిలిచి నేర్వవలెనన్నది వినుటకు బాగుండును. కాని ఆ ఏండ్ల జీతము ఎవరు ఇత్తురు? ఆచార్యుడు నేర్పుచుండగా ఆగిన అతని పనిని ఎవరు చేయుదురు? ఇవి నిర్వాహకుని పద్దులోని ప్రశ్నలు. మెక్‌బ్రీన్ వంటివారు నేర్పరికి ఎక్కువ జీతమిమ్మని చెప్పినంత స్పష్టముగా ఈ పద్దు తేలలేదు. అంతకు మించిన చిక్కు ఈ దేశములో ఉన్నది. ఇచ్చట వృత్తివిద్య పుట్టుకను బట్టి నడిచినది. గురువు గడప దాటగలిగినవారు కొందరే. ‘చూచి నేర్చుకొనుము’ అను పద్ధతిలో ఎవరు చూడవచ్చునన్నది గురువు ఇష్టము. విద్య పుస్తకమునకు, తరగతికి, పరీక్షకు ఎక్కినప్పుడే తలుపు అందరికి తెరచుకొన్నది. కాన్పూరులో 1936లో వెలసి, తర్వాత జాతీయ చక్కెర సంస్థగా పేరొందిన విద్యాలయము పాకము వండుటకు సైతము ప్రత్యేకమైన సర్టిఫికెట్ చదువు నడిపినది. చేతి నేర్పును తరగతిలో పూర్తిగా నేర్పలేరన్నది నిజమే. కాని తరగతి లేనిచోట ఆ నేర్పు కొందరి ఆస్తియై మిగులును.

మూడవది, నునుపు మోజు. నేర్పరికి తన పనిపై ప్రేమ మిక్కుటమైనప్పుడు అక్కర తీరిన పిమ్మట కూడ చెక్కుచునే ఉండును. ఒకసారి వాడి పారవేయు ప్రోగ్రామునకు దేవాలయ శిల్పము అక్కరలేదు. ఎచ్చట ఎంత నునుపు కావలెనో నిర్ణయించుటలో నిర్వాహకుని మాటకు హక్కు కలదు. మార్కులు, జీతములు, భూమి పట్టాలు, మందుల మోతాదులు లెక్కించుచోట నునుపు ఎక్కువ కావలెను. వేడుక దినపు ఆటల పట్టికకు తక్కువ చాలును.

నేర్పు ఉండియు కూలిన రాకెట్టు

నేర్పు ఒక్కటియే చాలదనుటకు ప్రపంచమెరిగిన సాక్ష్యము ఒకటి కలదు. 1996 జూన్ 4న ఐరోపా దేశముల ఏరియాన్-5 రాకెట్టు తొలిసారి ఎగిరి, సుమారు 40 సెకండ్లలో ఆకాశముననే ధ్వంసమైనది. అందలి దిశానిర్ణయపు ప్రోగ్రాము అంతకు ముందటి ఏరియాన్-4 రాకెట్టునుండి తెచ్చినది. అచ్చట చక్కగా పనిచేసినదే. కొత్త రాకెట్టు ఎక్కువ వేగముతో అడ్డముగా సాగినందున ఒక రాశి విలువ పెరిగి, 32,767కు మించిన సంఖ్యను పట్టలేని చోట పట్టవలసి వచ్చినది. ప్రోగ్రాము ఆగిపోయినది.

విచారణలో తేలినది ఆలోచింపదగినది. అట్టి ప్రమాదము కల ఏడు రాశులలో నాలుగింటికి రక్షణ వ్రాసిరి, మూడింటికి వ్రాయలేదు. కంప్యూటరుపై భారము 80 శాతమును మించరాదని నియమము ఉండుటయే అందుకు కారణము. ఆ నిర్ణయము ఒక ప్రోగ్రామరు మరపు కాదు. పలు స్థాయిలవారు కూడి తీసికొన్నది. కొత్త రాకెట్టు నిజముగా పోవు దారి అంకెలతో ఆ పరికరమును పరీక్షింపలేదు. ఆ పరీక్ష జరిగి ఉన్నచో దోషము నేలపైననే బయటపడెడిది. చేతులు మంచివే; పరీక్ష చేయుమని చెప్పవలసినచోట ఎవరును చెప్పలేదు.

2019 ఫలితముల పాఠము

ఇంతకన్న దగ్గరిది తెలంగాణపు అనుభవము. 2019 ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినవి. ఆ ఏడు ఫలితముల ప్రక్రియకు కొత్త సాఫ్ట్‌వేరును వాడిరి. ఫలితములు వచ్చిన వెంటనే తప్పులు బయటపడసాగినవి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినట్లు చూపినది. తిరిగి చూడగా ఆమె మార్కులు 99. ఆ తప్పు కాగితముపై గుండ్రములు నింపిన మనిషి చేతిది. తల్లిదండ్రులు వీధికెక్కిరి. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘమును నియమించినది. అనుత్తీర్ణులైనవారి జవాబు పత్రములను ఉచితముగా తిరిగి పరిశీలింపుమని ఆదేశించినది. ఆ దినములలో రాష్ట్రము పలువురు విద్యార్థులను కోల్పోయినది. ఏ ఇంటి దుఃఖమునకు ఏది కారణమని ఇచ్చట తీర్పు చెప్పుట తగదు. అంకెలపై నమ్మకము చెదరినప్పుడు ఆ భారము మొదట పడునది పదునేడేండ్ల పిల్లలపైననే అన్నది మాత్రము ఉపాధ్యాయులందరు ఎరుగుదురు.

సంఘము ప్రక్రియలోను సాఫ్ట్‌వేరులోను లోపములను ఎత్తి చూపి, ఇకపై ఫలితములను మరొక స్వతంత్ర సంస్థచేత కూడ సమాంతరముగా లెక్కింపజేసి సరిచూడవలెనని సూచించినది. ఆ సూచనలోనే ఈ విమర్శ సారము ఉన్నది. సమాంతరముగా నడుపుట ప్రోగ్రామరు తనంతట చేయగల పని కాదు. దానికి డబ్బు కావలెను, కాలము కావలెను, ఫలితముల తేదీని నాలుగు దినములు వెనుకకు జరుపు ధైర్యము కావలెను. ఇవి మూడును నిర్వాహకుని చేతిలోనివి.

నేర్పరి చేయదగిన పనియు ఇచ్చట ఉన్నది. చక్కగా కట్టిన ప్రోగ్రాము కాగితముపై వచ్చిన సున్నను మౌనముగా మింగదు. తక్కిన అన్ని పాఠ్యాంశములలో మంచి మార్కులు వచ్చినవారికి ఒకదానిలో సున్న వచ్చినచో, ‘ఒకసారి చూడుడు’ అని జాబితా తీసి మనిషి ముందు పెట్టును. ఆ ఒక్క ప్రశ్నను వ్రాయుట ప్రోగ్రామరు పనితనము. ఆ జాబితాను చూచుటకు మనుషులను, దినములను కేటాయించుట నిర్వాహకుని పనితనము. ఒకటి లేనిదే రెండవది వ్యర్థము.

సీజను ముగియని మిల్లు

చక్కెర మిల్లునకు, సాఫ్ట్‌వేరునకు ఉన్న పెద్ద తేడా ఒకటి చెప్పవలసి ఉన్నది. మిల్లు చలికాలమున ఆరంభించి కొన్ని నెలలు రాత్రింబవళ్లు ఆడును. చెరకు ముగిసిన పిమ్మట ఆగును. ఆగిన కాలమున గానుగ చక్రములు విప్పి, అరిగినవి మార్చి, గొట్టములు గోకి, వచ్చు సీజనునకు సిద్ధము చేయుదురు. మరమ్మతు వేరుగా అడిగి పుచ్చుకొనవలసిన వరము కాదు. పంచాంగములోనే దానికి స్థానము ఉన్నది.

ప్రోగ్రామునకు సీజను ముగియదు. ఏడాది పొడుగున వాడుకరులు ఉందురు, కొత్త కోరికలు వచ్చును. కావున శుభ్రము చేయు పని ఎప్పుడును రేపటికి పోవును. వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో దీనిని అప్పుతో పోల్చెను. తొందరలో వ్రాసినది అప్పు తెచ్చుకొన్నట్లు; దానిని చక్కబెట్టువరకు ప్రతి కొత్త మార్పునకు అదనముగా పట్టు శ్రమ వడ్డీ. అప్పు చేయుట తప్పు కాదు. చెరకు రైతు ప్రతివాడును విత్తనమునకు, ఎరువులకు అప్పు చేసినవాడే. తీర్చు దినము వ్రాసికొనని అప్పు తప్పు. నిర్వాహకుడు ప్రతి నెల పనిలో కొంతభాగమును ఈ మరమ్మతుకు విడిచిపెట్టవలెను. సీజను ముగియని మిల్లునకు ఆగుకాలమును అతడే కల్పింపవలెను.

బోధను మిల్లు కథయే చివరి హెచ్చరిక. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరొందిన ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు మారినది. 2015 డిసెంబరులో పని నిలిచినది. పాన్‌మన్ నేర్పు ఎంత గొప్పదైనను యాజమాన్యపు నిర్ణయములను, పెట్టుబడి లెక్కలను అది మార్చలేదు. పనివాని పనితనము సంస్థను నిలుపునని చెప్పు ప్రకటనలు ఇచ్చట ఒక క్షణము ఆగి ఆలోచింపవలెను.

తరగతిలో చేయదగినది

సాఫ్ట్‌వేరు పనితనపు సాహిత్యము చదువదగినది. మంచి అలవాట్లను అది నేర్పును. చేయువానికి ఆత్మగౌరవమును ఇచ్చును. దాని లోపము, బాధ్యతనంతయు పెనము వద్ద నిలిచినవానిపై ఉంచి, పద్దు చూచువానిని తేలికగా విడిచిపెట్టుట. ఆ రెండవవాడు పనితనమునకు ఇవ్వవలసినది పొగడ్త కాదు. పరీక్షలకు కాలము, నష్టమును చూపు కొలత, ‘ఇది ఇంకను సిద్ధము కాలేదు’ అన్న మాట వినినప్పుడు కోపము తెచ్చుకొనని చెవి: ఈ మూడు ఇచ్చిన చాలును.

ఉన్నత పాఠశాలలో దీనిని ఒక పూటలో చేసి చూపవచ్చును. తరగతిలో సగముమంది మార్కులు కూడు చిన్న ప్రోగ్రామును వ్రాయవలెను. కంప్యూటరు లేనిచోట కాగితముపై మెట్లుగా వ్రాసిన చాలును. తక్కిన సగము దానిని చెడగొట్టుటకు అంకెలు సిద్ధము చేయవలెను: 0, 100, 101, ఖాళీగా విడిచిన గడి, పరీక్షకు రాని విద్యార్థి. రానివానికి సున్న వేయు ప్రోగ్రాము, వచ్చి సున్న తెచ్చుకొన్నవానికిని రానివానికిని భేదము ఎరుగదు. ఆ లోపమును పిల్లలే కనుగొందురు. పిమ్మట రెండు వర్గములు స్థానములు మార్చుకొనవలెను. ఉపాధ్యాయుడు నిర్వాహకుడై, గంట కొట్టుటకు ముందు ‘ఇంక ఎంత కాలము కావలెను?’ అని అడిగి, చెప్పిన సమాధానమును మన్నింపవలెను.

ఆ తరగతిలోని పిల్లలలో కొందరు రేపు ప్రోగ్రాములు వ్రాయుదురు, కొందరు వ్రాయించుదురు. పాకము వచ్చినదో లేదో మొదటివారు చూడనేర్వవలెను. రాలేదని వారు చెప్పినప్పుడు పొయ్యి ఆర్పకుండ ఉండుట రెండవవారు నేర్వవలెను.